మూడోసారి అడిగితే

డీన్ రెండోసారి ఎప్పుడు అడుగుతాడా అని జ్ఞానప్రసూన ఎదురుచూస్తోంది. మొదటిసారి అడిగింది కాఫీ మిషన్ దగ్గర. "మన కాలేజీలో కొత్తగా పెడుతున్న చైనా అధ్యయన కేంద్రానికి డైరెక్టర్ కావాలి. మీకేమైనా ఆసక్తి ఉందా?" అన్నాడు, కాగితం గ్లాసుకి మూత నొక్కుతూ. ఆ కేంద్రం మాట పుట్టిన రోజు నుంచీ ఆమెకి అదే ధ్యాస. ఏ గదిలో ఏ బల్ల వెయ్యాలో, ఏ గోడకి ఏ మ్యాప్ తగిలించాలో కూడా మనసులో సర్దేసుకుంది. తీరా అడిగేసరికి నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "అబ్బే, నేనెంతదాన్ని? నాకంటే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు" అని. డీన్ తలూపి, "నిజం చెప్పినందుకు థాంక్స్" అని గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు. కారిడార్‌లో ఎదురైతే నవ్వుతాడు, ఆర్థిక మాంద్యం గురించి నాలుగు ముక్కలు మాట్లాడతాడు, సాగిపోతాడు. మంచివాడే. కానీ మనిషన్నవాడు ఒక్కసారి అడిగి ఊరుకుంటాడా? జ్ఞానప్రసూనకి ఆశ చావలేదు. ఆఫీసు తలుపు కాస్త ఓరగా తీసి పెట్టుకునే కూర్చుంటోంది.

అది 2009 ఫిబ్రవరి. అమెరికాకీ చైనాకీ దౌత్య సంబంధాలు మొదలై ముప్ఫై ఏళ్ళు నిండాయని ఆమె పనిచేసే ఆ అమెరికా కాలేజీవాళ్ళు శుక్రవారం విందు పెట్టుకున్నారు. చైనా నుంచి ఒక యూనివర్సిటీవాళ్ళు వస్తున్నారు. సోమవారం పొద్దున్న ఆ విందు ఆహ్వానపత్రిక జ్ఞానప్రసూన బల్ల మీదికి వచ్చేసరికి ఆమె పిల్లల పేపర్లు దిద్దుతోంది. 1972లో రెండు దేశాలూ కలిసి విడుదల చేసిన ప్రకటన మీద వ్యాసం రాయమంది. ఒక కుర్రాడు 'ఇద్దరూ అన్నిటికీ ఒప్పుకున్నారు' అని రాశాడు. ఆమె ఎర్ర పెన్నుతో గీత గీసి, 'కాదు. ఒప్పుకోని సంగతుల్ని కూడా ఎవరిది వాళ్ళు చెప్పుకుంటూ ఒకే కాగితం మీద రాసుకున్నారు. అందులోనే ఉంది గొప్పదనం' అని మార్జిన్‌లో రాసింది. పెన్ను పక్కన పెట్టి ఆహ్వానపత్రిక చేతిలోకి తీసుకుంది.

ఎర్రటి అట్ట, బంగారు అక్షరాలు. 'ముప్ఫై ఏళ్ళ స్నేహం'. డీన్ స్వాగతం, జ్ఞానప్రసూన చేసే అతిథుల పరిచయం, చైనా బృందం నాయకుడి మాట, ఊళ్ళో మందుల కంపెనీ పెద్దమనిషి మాట, భోజనం. కార్డు తిప్పి వెనకవైపు చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది. వెయ్ గారి పేరు ఎక్కడా లేదు.

ప్రొఫెసర్ వెయ్ ఈ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకి పైగా చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. జ్ఞానప్రసూనకి పీహెచ్‌డీ గైడు. ఎనభై దాటాయి. అమెరికాకీ చైనాకీ మధ్య చీమ చిటుక్కుమన్నా చుట్టుపక్కల పత్రికలవాళ్ళు ముందు ఆయన ఇంటికే ఫోన్ చేసేవాళ్ళు. అలాంటి మనిషిని పక్కనపెట్టి చైనా పేరు మీద విందా! ఆమెకి ఒళ్ళు మండింది. కార్డు పట్టుకుని డీన్ గదికి నడిచింది.

డీన్ కార్సన్ కంప్యూటర్ ముందు నిలబడి శాండ్‌విచ్ తింటున్నాడు. ఆమె చెప్పింది విని నొచ్చుకున్నాడు. "అందరికంటే ముందు ఆయన్నే అడిగానండీ. మాట్లాడతారా అని మెయిల్ పెట్టాను. 'కృతజ్ఞతలు, నేను ముసలివాణ్ణి, కుర్రవాళ్ళకి అవకాశం ఇవ్వండి' అని జవాబు రాశారు."

"ఒక్కసారే అడిగారా?"

"వద్దన్నారు కదా!" అన్నాడు డీన్, అర్థంకానట్టు చూస్తూ. "వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే ఒత్తిడి పెట్టినట్టు కాదూ? అది మర్యాద కాదు."

జ్ఞానప్రసూన కార్డు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "అక్కడివాళ్ళు మొదటిసారే సరే అనరండీ. అంటే ఆశపోతులు అనుకుంటారు. వద్దు అంటారు, ఎదుటివాళ్ళు బతిమాలతారు, మళ్ళీ వద్దంటారు. మూడోసారికి ఒప్పుకుంటారు. అదీ పద్ధతి."

"మూడుసార్లా!" డీన్ శాండ్‌విచ్ పక్కన పెట్టాడు. "కార్డులు అచ్చయిపోయాయి. అయినా మీరు వెళ్ళి అడగండి. ఆయన ఊ అంటే ఎక్కడో ఒకచోట ఇరికిద్దాం." ఆమె గుమ్మం దాకా వచ్చాక, "అన్నట్టు, డైరెక్టర్ సంగతి శుక్రవారం లోపల తేల్చేస్తాను. ఒహాయోలో డాక్టర్ హాన్ అని ఒక చైనా ఆవిడ ఉన్నారు, మంచి పుస్తకాలు రాశారు. ఆవిడకి ఫోన్ చేస్తున్నా" అన్నాడు.

జ్ఞానప్రసూన చేతిలో తలుపు పిడి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడైనా 'మీ ఉద్దేశం మారిందా' అంటాడు అని ఒక్క క్షణం నిలబడింది. ఆయన శాండ్‌విచ్ అందుకున్నాడు.

*

కాలేజీకి దగ్గర్లో మోరిస్‌విల్ అనే ఊళ్ళో వాళ్ళ అపార్ట్‌మెంట్ వంటింట్లో ఆ సాయంత్రం దొండకాయలు చక్రాలుగా కావలసినవి చీలికలైపోతున్నాయి. భర్త మణి డ్రైయర్‌లోంచి తెచ్చిన బట్టలు సోఫా మీద పోసి మడతపెడుతున్నాడు. కూతురు ఎలీనా డైనింగ్ టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటోంది.

"కావాలంటే వెళ్ళి కావాలని చెప్పొచ్చుగా?" అన్నాడు మణి, సాక్సుకి జత వెతుకుతూ. "నోరుందిగా నీకు. ఇంట్లో బానే పనిచేస్తదిగా."

"అడుక్కోమంటారా? వాళ్ళకి తెలీదా నేను ఎంతకాలం నుంచి ఆ సబ్జెక్ట్ చెప్తున్నానో? ఏటేటా కాంట్రాక్ట్ రెన్యూ చేసేది వాళ్ళేగా!"

"మొన్న ఆదివారం చర్చి లంచ్‌లో షాలేం రాజు అన్నయ్య ఏమన్నాడు? 'చాలు చెల్లెమ్మా, కడుపు నిండిపోయింది' అన్నాడా? నువ్వు వినకుండా మూడుసార్లు బిర్యానీ వేశావా? మూడుసార్లూ లాగించేశాడా?" మణి నవ్వాడు. "మీ డీన్‌కి బిర్యానీ వడ్డించడం రాదు, ప్రసూనా. వాడేం చేస్తాడు పాపం."

ఎలీనా తలెత్తకుండానే అంది. "అమ్మా, ఆయన ఆస్క్ చేశాడు. నువ్వు నో చెప్పావ్. దట్స్ ఇట్ కదా? ఇంకా ఎందుకు వెయిట్ చేస్తున్నావ్?"

"నీకు తెలీదులే. మా చిన్నప్పుడు చైనా దొరసాని..."

"ఓ మై గాడ్, మళ్ళీ చైనా దొరసాని స్టోరీ!" అని ఎలీనా హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

ఎవరు విన్నా వినకపోయినా చైనా దొరసాని వచ్చి కూర్చోనే కూర్చుంది. జ్ఞానప్రసూన చేతిలో కత్తి నెమ్మదించింది. మిషన్ ఆస్పత్రి వరండా, సముద్రం గాలి, డెట్టాల్ వాసన. అమ్మ ఆ ఆస్పత్రిలో నర్సు. దొరసాని అసలు పేరు మిస్ హార్మన్, పెద్ద డాక్టరమ్మ, అమెరికా మనిషి. ఇరవై ఏళ్ళు చైనాలో వైద్యం చేసి, అక్కడ ప్రభుత్వం మారి మిషనరీలని పంపించేస్తే ఒక్క ట్రంకుపెట్టెతో ప్రసూన వాళ్ళ కోస్తా ఊరికి వచ్చిపడింది. అందుకే ఊరంతా చైనా దొరసాని అనేవాళ్ళు. సాయంత్రం మూతకప్పులో టీ తాగుతూ, డ్యూటీ దిగే అమ్మ కోసం కాచుకుని కూర్చున్న ప్రసూనని పిలిచేది. బిస్కెట్ డబ్బా తెరిచేది. "కావాలా?" అనేది, ఆ గట్టి గట్టి తెలుగులో.

"వద్దండీ." దొరసాని అడగ్గానే చెయ్యి చాచావంటే చెంప పగులుద్దని అమ్మ ముందే చెప్పి ఉంచింది.

దొరసాని ఒక వేలు మడిచేది. "ఈ" అనేది. చైనా భాషలో ఒకటి. "కావాలా?" వద్దండీ. ఇంకో వేలు. "అర్." రెండు. "కావాలా?" అప్పటికి ప్రసూన నోట్లో నీళ్ళూరి మాట పెగిలేది కాదు. "సాన్!" అని మూడో వేలు మడిచి, దొరసాని పకపకా నవ్వి, బిస్కెట్లు గౌను ఒడిలో పోసేది. ప్రసూన ఇంగ్లీషు అంకెలకంటే ముందు చైనా అంకెలు నేర్చుకుంది. అక్కడ మొదలైన పిచ్చి ఢిల్లీలో చైనీస్ చదివించింది, ఇక్కడిదాకా తీసుకొచ్చింది. ఆ వరండా ఇప్పుడు లేదట, పడగొట్టి కొత్త బిల్డింగ్ కట్టారట.

"అవి కూరకా, పచ్చడికా?" అన్నాడు మణి వెనకనించి, దొండకాయల గుట్ట చూసి.

*

గురువారం క్లాసు అయిపోగానే జ్ఞానప్రసూన, వస్తున్నానని ముందే ఫోన్ చేసి, వెయ్ గారి ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. భార్య పోయాక ఆయన ఒక్కరే ఉంటున్నారు. ఆమె ఆయన్ని 'లావ్‌షీ' అంటుంది. చైనీస్‌లో మాస్టారు అని. మిగతా మాటలు ఇద్దరి మధ్యా ఇంగ్లీషులోనే.

"మంచి సమయానికి వచ్చావు, చేతులు కడుక్కో" అన్నారు ఆయన తలుపు తీస్తూనే. చేతులకి మోచేతుల దాకా పిండి. వంటింటి బల్ల మీద గిన్నెలో క్యాబేజీ, పంది మాంసం కలిపిన ముద్ద ఉంది. పక్కన ఆమె కోసమని కోడిమాంసంతో వేరే గిన్నె. ఆమె పంది మాంసం తినదని ఆయనకి ఇరవై ఏళ్ళుగా గుర్తే.

ఆయన పిండిని పొడుగ్గా తాడులా చేసి, చిన్న ముక్కలు కోసి, ఒక్కో ముక్కనీ అరచేత్తో నొక్కి, బెత్తెడు అప్పడాల కర్రతో ఒత్తుతున్నారు. కుడిచేత్తో కర్ర ముందుకి, ఎడమచేత్తో బిళ్ళ ఓ పక్కకి తిప్పడం. అంచులు పల్చగా, నడిమి కాస్త మందంగా వస్తోంది. జ్ఞానప్రసూన బిళ్ళ అందుకుని, చెంచాడు ముద్ద పెట్టి, అంచుకి తడి రాసి, కజ్జికాయలా మడిచి కుచ్చిళ్ళు పెడుతోంది. చైనావాళ్ళు వీటిని జియావ్‌జీలంటారు, నీళ్ళలో ఉడికిస్తారు. మొదట్లో ఆమె చేసినవి నీళ్ళలో వెయ్యగానే నోళ్ళు తెరిచేవి. ఇప్పుడు ఆయనవీ ఆమెవీ పక్కపక్కన పెడితే పోల్చుకోలేరు.

కాసేపు వాతావరణం, కాసేపు ఎలీనా చదువు. ఆ తరువాత ఆమె మెల్లిగా మొదలుపెట్టింది. "లావ్‌షీ, రేపు విందులో మీరు మాట్లాడాలి."

"నేనా? ముసలివాణ్ణి. నా మాటలు ఎవరికి కావాలి?" అన్నారు ఆయన, కర్ర ఆపకుండా.

ఈ, అనుకుంది మనసులో. రెండు జియావ్‌జీలు మడిచి పళ్ళెంలో పేర్చింది. "మీరు లేని చైనా విందు ఏం విందు? పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా ఉంటుంది. మీరు రావాలి, మాట్లాడాలి."

"వస్తాను, తింటాను. మాట్లాడటానికి కుర్రవాళ్ళు ఉన్నారు. నువ్వున్నావు."

అర్. ఇంక ఒక్కటే. ఆమె చేతులు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. గొంతులో బతిమాలడం నిజంగానే పలికింది. "అతిథుల్ని పరిచయం చెయ్యడానికి నాకు పది నిమిషాలిచ్చారు. అది మొత్తం మీరే తీసుకోండి. నామీద దయుంచి కాదనకండి."

అప్పడాల కర్ర ఆగింది. వెయ్ గారు ఆమె మొహంలోకి చూశారు. చూస్తూ చూస్తూ భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళు వస్తే మోచేత్తో తుడుచుకున్నారు, నుదుటి మీద పిండి అంటింది.

"నువ్వు లెక్కపెడుతున్నావు కదూ? మూడుసార్లు అడగడానికి వచ్చావు!"

"మరి? డీన్‌కి ఏం తెలుసు మన పద్ధతులు? ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది."

"అమ్మాయీ, నేను ఈ దేశం వచ్చింది 1948లో. అరవై ఏళ్ళు దాటింది. మొదటి రెండేళ్ళూ మొహమాటానికి వద్దని వద్దని పస్తులుండి సన్నబడిపోయాను. మా ప్రొఫెసర్ ఇంట్లో 'ఇంకొంచెం?' అంటే 'వద్దండీ' అనేవాణ్ణి. వాళ్ళు ప్లేటు తీసేసేవాళ్ళు." ఆయన మళ్ళీ కర్ర అందుకున్నారు. "అప్పుడే నేర్చుకున్నా. కావాలంటే కావాలి, వద్దంటే వద్దు. డీన్‌కి నేను రాసింది నిజం. నాకు మాట్లాడాలని లేదు."

జ్ఞానప్రసూన చేతిలోని బిళ్ళ ఆరిపోతోంది. "ఎందుకని?"

ఆయన నాలుగు బిళ్ళలు ఒత్తారు. "ముప్ఫై ఏళ్ళ స్నేహం అని అచ్చు వేశారు. దానికి ముందు ఇంకో ముప్ఫై ఏళ్ళున్నాయి. నేను నాలుగేళ్ళలో తిరిగొస్తానని అమ్మకి చెప్పి ఓడ ఎక్కాను. తరువాతి ఏడే తలుపులు మూసుకుపోయాయి. ఉత్తరాలు హాంకాంగ్ చుట్టూ తిరిగి వచ్చేవి, తరువాత అవీ ఆగిపోయాయి. రాకపోకలు మొదలయ్యాక వెళ్తే, అమ్మ పోయి పదేళ్ళయిందని మా చెల్లెలు చెప్పింది. పదేళ్ళపాటు లేని మనిషిని ఉందనుకుంటూ ఏటా అమ్మ పుట్టినరోజుకి ఆయుష్షు కోసమని నూడుల్స్ చేసుకు తిన్నాను." బిళ్ళ మీద పిండి చల్లి పక్కన పెట్టారు. "ఇది చెప్పనా, మందుల కంపెనీ ఆయన ఉపన్యాసానికీ ఐస్‌క్రీమ్‌కీ మధ్య? చెప్పకుండా స్నేహం, స్నేహం అని చేతులూపనా? రెండూ నావల్ల కాదు."

ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసింది. రెండు చేతులకీ పిండే.

కుండలో నీళ్ళు మరిగాయి. ఆయన జియావ్‌జీలు జారవిడుస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు. "ఆ డైరెక్టర్ పని ఏమైంది? నిన్ను అడిగే ఉంటాడే?"

"అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"నాకంటే పెద్దవాళ్ళు ఉన్నారు అన్నాను."

వెయ్ గారు గరిటె కుండ అంచు మీద పెట్టి వెనక్కి తిరిగారు. ఈసారి నవ్వలేదు. "ఎప్పటి నుంచి ఎదురుచూస్తున్నావు, రెండోసారి కోసం?"

జ్ఞానప్రసూన మొహం కందిపోయింది. దొంగతనం బయటపడ్డ పిల్లలా తల దించుకుంది.

"నీ దొరసాని కథ నాకు చాలాసార్లు చెప్పావు. ఎప్పుడైనా ఆలోచించావా? నువ్వు చూసిన మొట్టమొదటి అమెరికన్ ఆవిడ. మూడుసార్లు అడగడం ఆవిడ నేర్చుకుంది ఎక్కడ? మా ఊళ్ళ దగ్గర. ఇరవై ఏళ్ళలో సగం చైనా మనిషైపోయి మీ ఊరొచ్చింది. అమెరికావాళ్ళంటే ఇలా ఉంటారు కాబోలు అనుకుని నువ్వు విమానం ఎక్కావు." ఆయన గొంతు మెత్తబడింది. "ఇక్కడ ఎవరూ మూడుసార్లు అడగరు, ప్రసూనా. అడిగే అమెరికన్ ఆవిడ ఒక్కతే. ఆవిడ ఎప్పుడో పోయింది."

కుండలో జియావ్‌జీలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆ సంగతి తనకెందుకు తట్టలేదో ఆమెకి అర్థం కాలేదు. బిస్కెట్ డబ్బా మూత చప్పుడు చెవిలో వినపడింది. దొరసాని మీద బెంగ పెట్టుకోవడం ఇన్నాళ్ళూ తెలుసు. ఇవాళ ఆవిడ మీద కాస్త కోపం కూడా వచ్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నం డీన్ కార్సన్ అద్దం ముందు ఎర్ర టై కట్టుకుంటున్నాడు. చైనావాళ్ళకి ఎరుపు శుభమని ఎవరో చెప్పారట. జ్ఞానప్రసూన గుమ్మంలోనే నిలబడింది. కూర్చుంటే మళ్ళీ మొహమాటం పట్టుకుంటుందని భయం.

"ఆరోజు నాకు డైరెక్టర్ పని వద్దన్నాను కదండీ. అది నిజం కాదు. నాకు ఆ పని కావాలి. బాగా చేస్తాను. ఇక్కడున్న ఎవరికంటే అయినా బాగా చేస్తాను." ఒక్క గుక్కలో అనేసింది. అన్నాక చెవులు వేడెక్కిపోయాయి.

డీన్ టై వదిలేసి ఆమె వైపు చూశాడు. "మరి ఆరోజే చెప్పొచ్చుగా?"

"మీరు ఇంకోసారి అడుగుతారనుకున్నాను."

"ఓ!" అన్నాడు. మూడుసార్లు అడగాలన్న ఆమె మాట గుర్తొచ్చినట్టుంది. మొహం విప్పారింది. "నా నెత్తిమీద బరువు దించారు. నిన్న ఒహాయో ఆవిడతో మాట్లాడాను. ఆవిడా వద్దంది. ఇక ఎవర్ని పట్టుకోవాలా అని చూస్తున్నాను." కుర్చీలో కూర్చుని కాగితాలు ముందుకి లాక్కున్నాడు. "అయితే మీ పేరే రాసేస్తాను."

జ్ఞానప్రసూనకి గాలిలో తేలినట్టయింది. మణికి ఫోన్ చెయ్యాలి, వెయ్ గారికి చెప్పాలి. నోరు మూసుకుని బయటికి నడిస్తే సరిపోయేది. ఊరికే అడిగింది. "ఎందుకు వద్దన్నారట?"

"ఆ మాటే తమాషా. 'నాకు ఆ అర్హత లేదు, నాకంటే తగినవాళ్ళు మీ దగ్గరే ఉంటారు' అంది. అచ్చం మీలాగే." డీన్ పెన్ను మూత తీశాడు.

ఆమెకి మొహం చూడని ఆ మనిషి కళ్ళకి కట్టింది. ఒహాయోలో ఎక్కడో, ఫోన్ దగ్గరగా జరిపి పెట్టుకుని, తలుపు కాస్త ఓరగా తీసి పెట్టుకుని. వెయ్ గారిలా నిజంగా వద్దన్న మనిషి కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఎలా తెలుస్తుంది, ఒక్కసారే అడిగితే? దొరసాని 'ఈ' దగ్గరే డబ్బా మూసేసి ఉంటే తన సంగతేమిటి?

వద్దు, మాట్లాడకు, అనుకుంది. నిన్నే కదా నేర్చుకున్నావు, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలని. ఆవిడ కూడా నేర్చుకుంటుందిలే.

"ఆగండి" అంది. "సంతకం పెట్టకండి. ఆవిడని ఇంకో రెండుసార్లు అడగండి."

డీన్ పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "మీకీ పని కావాలా, వద్దా?"

"కావాలి. చాలా కావాలి. అయినా అడగండి."

"ఒప్పుకుంటే ఆవిడకే ఇవ్వాల్సి వస్తుంది. ఆవిడ పుస్తకాలు..."

"తెలుసండీ" అని, ఇంకో మాట అనకుండా వచ్చేసింది. మెట్లు దిగుతూ, ఎంత తెలివితక్కువదానివే అని తనని తాను తిట్టుకుంది. కారులో కూర్చుని మణికి ఫోన్ చేస్తే అంతా విని, "బాగుంది, పక్కవాళ్ళ ఆకులో కూడా నువ్వే వడ్డించావన్నమాట" అన్నాడు. తిడతాడనుకుంది గానీ తిట్టలేదు. "సరేలే. తిని రా, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు.

*

విందు హాల్లో గుండ్రటి బల్లలు వేశారు. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ దగ్గర పెద్ద రభసగా ఉంది. అది గౌరవస్థానం. చైనా బృందం నాయకుడు వెయ్ గారి మోచెయ్యి పట్టుకుని ఆయన్ని అందులోకి లాగుతున్నాడు, "పెద్దవారు మీరుండగా నేనా!" అంటూ. వెయ్ గారు ఆయన్నే అందులోకి తోస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వే. డీన్ మాత్రం కంగారుగా జ్ఞానప్రసూన దగ్గరికి వచ్చి, "గొడవేమీ కాదు కదా?" అన్నాడు.

"మర్యాదలండీ" అంది ఆమె.

చివరికి వెయ్ గారే గెలిచారు. చైనా నాయకుణ్ణి కూర్చోబెట్టి, తను వెనక బల్ల దగ్గర జ్ఞానప్రసూన పక్కన కుర్చీ లాక్కున్నారు. "చూశావా, ఇక్కడ వద్దంటే వద్దు" అని కన్ను గీటారు. ఆమె నవ్వింది గానీ మనసంతా డీన్ మీదే ఉంది. అతిథుల్ని పరిచయం చేసింది, చప్పట్లు కొట్టారు. ఎవరి గురించి ఏం చెప్పిందో దిగొచ్చాక గుర్తులేదు. మందుల కంపెనీ ఆయన స్నేహం అన్న మాట అన్నిసార్లు అనగలడని ఎవరూ ఊహించి ఉండరు.

చేప పళ్ళెం బల్ల మీదికి వచ్చేసరికి డీన్ చేతులు ముందుకి చాపుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మీరన్నది అక్షరాలా నిజం! ఇందాకే ఫోన్ చేశాను. రెండోసారి అడిగితే నవ్వింది. మూడోసారి అడగ్గానే, 'మీరు ఇంతగా అడుగుతుంటే కాదంటే బాగుండదు' అంది! ఆగస్టులో చేరతానంది. మీరు చెప్పకపోతే అంతమంచి మనిషిని పోగొట్టుకునేవాణ్ణి. థాంక్యూ, థాంక్యూ సో మచ్." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. "మీ విషయంలో నాకు చాలా బాధగా ఉంది. మీ కాంట్రాక్ట్‌కి మాత్రం ఢోకా లేదు, ఈ ఏటికి."

"అబ్బే, పర్వాలేదండీ. చాలా సంతోషం" అంది జ్ఞానప్రసూన. నవ్వు ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టుకుంది. డీన్ ఆమె భుజం తట్టి ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మ్యాప్ తగిలించాలనుకున్న గోడ, కిటికీ పక్కకి జరిపిన బల్ల, మూతకప్పుల అలమర అన్నీ ఎవరో ఆమె మనసులోంచి ఒక్కొక్కటే బయటికి మోసుకుపోతున్నారు. ఆమె చేప ముక్కని పళ్ళెంలో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. వెయ్ గారు అంతా విన్నారు.

"బాధగా ఉందా?" అన్నారు.

"లేదు లావ్‌షీ. మంచే జరిగింది. ఆవిడ నిజంగా తగిన మనిషి."

ఆయన చేతిలో చాప్‌స్టిక్స్ కింద పెట్టారు. "బాధగా ఉందా?"

"అబ్బే, అదేం లేదు" అంది, చేప వైపే చూస్తూ.

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. హాల్లో ఎవరో గ్లాసు మోగించి మళ్ళీ స్నేహం గురించి మొదలుపెట్టారు. ఆయన అటు చూడలేదు.

"ప్రసూనా, బాధగా ఉందా?"

"ఉంది" అంది. అనేసరికి కళ్ళలోంచి నీళ్ళు దూకాయి. "చాలా ఉంది లావ్‌షీ. ఎంత ఆశపడ్డానో మీకు తెలీదు."

వెయ్ గారు తలూపారు. టీ కూజా దగ్గరికి లాక్కుని ఆమె కప్పు నిండా పోశారు. కావాలా అని అడగలేదు.